గొలుసు కన్నా ముందు చట్టం వచ్చింది

(భూమి సమస్య మీద జరిగిన సభలో ఒక టీచరు చేసిన ప్రసంగ పాఠం)



ఐర్లండ్ అనగానే మనకి 1845 నాటి కరువు చెప్తారు. ఆ కరువులో చచ్చినోళ్ళకి సొంత భూమి ఎందుకు లేదో మాత్రం అడగరు. అది తెలియాలంటే ఇంకో రెండొందల ఏళ్ళు వెనక్కి పోవాలి.

1605లో ఇంగ్లండ్ సర్కారు ఐరిష్ జనానికి చాటింపు వేసింది: మీరు మీ దొరలకి చెందినోళ్ళు కాదు, నేరుగా రాజుగారి ప్రజలు అని. వినడానికి ఎంత బాగుంది! అటార్నీ జనరల్ జాన్ డేవిస్ కూడా చిన్న భూస్వాములకి హక్కుందనే వాదించాడు. అల్‌స్టర్ పెద్ద దొర హ్యూ ఓనీల్ బలం తగ్గించాలి గదా, అందుకు ఆ వాదన పనికొచ్చింది. 1607లో ఓనీల్ దేశం విడిచిపోయాడు. అదే డేవిస్ 1610లో కావన్ జనం ముందు నాలిక మడతేశాడు. మీ ఆచారాన్ని ఇంగ్లీషు చట్టం ఒప్పుకోదు, మీకు హక్కే లేదు పొమ్మన్నాడు. వాళ్ళు వకీలుని పెట్టుకుని వాదించారు కూడా. ఓడిపోయారు. అల్‌స్టర్‌లో ఆరు జిల్లాలు పోయాయి. డేవిస్‌కీ అక్కడే భూములొచ్చాయి, వేరే చెప్పాలా!

ఇంగ్లండ్, స్కాట్లండ్‌ల నుంచి వచ్చిన కొత్త దొరలకి వెయ్యి ఎకరాలకి శిస్తు 5 పౌన్ల చిల్లర. భూమి మిగిలిన కొద్దిమంది ఐరిష్‌ వాళ్ళకి 10 పౌన్ల చిల్లర. ఐరిష్ కౌలుదార్లని ఖాళీ చేయించాలని కొత్త దొరలకి షరతు. చాలామంది చేయించలేదు. జాలితో కాదు. ఎక్కువ కౌలు కట్టేది వాళ్ళే, వాళ్ళు పోతే దున్నేదెవరు?

1641లో తిరగబడ్డారు. అందులో వలసొచ్చిన పేదలూ చచ్చారు, దాచక్కర్లేదు. 1642లో లండన్ పార్లమెంటు, ఇంకా గెలవని 25 లక్షల ఎకరాలు చూపించి షావుకార్ల దగ్గర యుద్ధానికి డబ్బు తెచ్చింది. క్రాంవెల్ గెలిచాక ఆ బాకీ, సైనికుల జీతాల బాకీ భూమితోనే తీర్చాలి. 1655-56లో విలియం పెట్టీ గొలుసులతో దేశాన్ని కొలిపించాడు. సైనికులు తమ భూమి చీటీలు ఆఫీసర్లకే చవగ్గా అమ్ముకున్నారు. పెట్టీకి కెర్రీలో పెద్ద ఎస్టేటు దక్కింది. 1641లో కాథలిక్కుల చేతిలో నూటికి 59 వంతుల భూమి ఉంటే, 1703కి 14 వంతులే మిగిలింది.

1654 మే 1 లోగా భూములున్నోళ్ళు కనాట్‌కి పోవాలని హుకుం. దున్నేవాణ్ణి, కూలీని మాత్రం 1652 చట్టం క్షమించింది. క్షమించడమంటే ఏంది? ఐరిష్ దొర పోయి ఇంగ్లీషు దొర వచ్చాడు, నాగలి పట్టినోడు అక్కడే ఉన్నాడు.

కౌలుదార్లకి 1903 చట్టం సర్కారు అప్పుతో భూమి కొనిపెట్టింది. కూలీలకి 1883 చట్టం కింద వచ్చింది ఒక చిన్న ఇల్లు, అరెకరం పెరడు. అదీ అద్దెకి.