వృత్తి శిక్షణలో ముందువరుస ఎవరిది?

(షోలాపూరులో మన సంఘం జరిపిన ఉగాది సభలో కార్యవర్గం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగం విని, ఆదాయ వ్యయాలు లెక్క చూసుకోవడం మన ఆచారం. ఈ వూరు వచ్చి మూడు నాలుగు తరాలైనా ఆ ఆచారాన్ని మనం వదలలేదు. ఈ పూట మేము చెప్పబోయేది కూడా ఒక లెక్కే. అయితే ఇది గ్రహాల లెక్క కాదు. మన సంఘం చేసిన ఒక పొరపాటు లెక్క.

కిందటి సంవత్సరం సర్కారు ఖర్చుతో నడిచే ఒక శిక్షణ కేంద్రం వారు కుట్టుపని, కరెంటుపని నేర్పే తరగతులకు పేర్లు పంపమని మన సంఘాన్ని అడిగారు. మేము నోటీసుబల్ల మీద కాగితం అంటించి, ముందు వచ్చినవారి పేరు ముందు రాసుకొన్నాము. ఇంతకంటె న్యాయం ఏమున్నదనుకొన్నాము. రెండో రోజు సాయంత్రానికే జాబితా నిండిపోయింది. మూడో రోజు పొద్దుగూకే వేళ, కార్ఖానాలో బీడీల కట్టలు అప్పజెప్పి, ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చింది. జాబితా అయిపోయిందని చెప్పాము. "మాకు చెప్పేవాళ్ళు ఎవరున్నారు బాబూ?" అన్నది. మా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి జాబితా తీసి చూసుకొన్నాము. సగానికి పైగా పేర్లు కార్యవర్గం వారి ఇళ్ళవీ, వారి బంధువుల ఇళ్ళవీ! ఎవరూ మోసం చేయలేదు. బల్లమీది కాగితం చదివే తీరిక ఎవరికున్నదో వారే ముందు వచ్చారు. వరుస న్యాయంగానే వున్నది; వరుస ఎక్కడ మొదలైనదో ఆ చోటే అన్యాయం.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. సర్కారు చేత పని చూపించే, పని నేర్పించే ఏర్పాటు మన దేశంలో ఎట్లా మొదలైనదో చూడండి. 1945 జూలైలో, రెండవ ప్రపంచ యుద్ధం ముగియవచ్చిన వేళ, సైన్యం నుండి విడుదలయ్యే సిపాయిల కోసం పునరావాస, ఉపాధి శాఖ ఒకటి పెట్టారు. 1947లో దేశం చీలి లక్షలమంది కాందిశీకులు వచ్చేసరికి ఆ శాఖే వారినీ చూడవలసి వచ్చింది. 1948 మొదట్లో దాని తలుపులు పని వెతుక్కొనే వారందరికీ తెరిచారు. 1950లో చేతిపనుల శిక్షణ పథకం వచ్చింది; మన పిల్లలు చదివే ఐ.టి.ఐ.లు ఆ పథకం బిడ్డలే. ముందు ఎవరికన్న ప్రశ్నకు తొలిరోజుల్లో కాలమే జవాబు చెప్పింది. తలుపు అందరికీ తెరిచిన తరువాతనే అసలు ప్రశ్న పుట్టింది.

దానికి మరొక ముడి 1956లో పడింది. ఆ సంవత్సరం ఐ.టి.ఐ.ల నిర్వహణ రాష్ట్రాల చేతికి వెళ్ళింది. అదే సంవత్సరం భాషను బట్టి రాష్ట్రాలను కూర్చారు. తెలుగువారికి ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మన షోలాపూరు మాత్రం బొంబాయి రాష్ట్రంలోనే వుండి, 1960లో మహారాష్ట్రది అయింది. పని నేర్పే బడి రాష్ట్రానిదైతే, "నీవు ఏ రాష్ట్రపువాడివి?" అన్న ప్రశ్న రాక తప్పదు గదా!

ఆ ప్రశ్న ఒక తెలుగు విద్యార్థి పేరుతోనే సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మర్రి చంద్రశేఖరరావు ఆంధ్రలో షెడ్యూల్డు తెగకు చెందినవాడు. బొంబాయిలో వైద్యవిద్యకు ఆ తెగ సీటు కోరాడు. 1990లో రాజ్యాంగ ధర్మాసనం కాదన్నది. ఒక కులమో తెగో వెనుకబడినదని నిర్ణయించేది ఆ రాష్ట్రపు పరిస్థితిని బట్టి; వేరే రాష్ట్రానికి తరలి వచ్చినవారు అక్కడి వారి వాటాలో పాలు అడుగరాదు అన్నది తీర్పు సారాంశం. 2018లో మరొక ధర్మాసనం దానినే స్థిరపరచింది. ఆ తీర్పు మనకు చేదుగా వుండవచ్చు. కాని ఇక్కడి బీదవాని కంచంలో నుండి తీసి మనకు పెట్టమనడం మాత్రం న్యాయమా?

అయితే మనలో చాలామందిది ఆ విద్యార్థి స్థితి కాదు. మహారాష్ట్రలో కుల ధ్రువపత్రానికి తేదీలున్నవి. షెడ్యూల్డు కులాల వారైతే 1950 ఆగస్టు 10 నాటికి, ఇతర వెనుకబడిన, ప్రత్యేక వెనుకబడిన తరగతుల వారైతే 1967 అక్టోబరు 13 నాటికి, వారి పెద్దలు ఈ రాష్ట్రంలో కాపురం వున్నట్టు ఆధారం చూపాలి. పద్మశాలీలు ఇక్కడ ప్రత్యేక వెనుకబడిన తరగతిలోనే వున్నారు. మన తాతలు ఆ తేదీలకు ఎంతో ముందే ఇక్కడి మిల్లుల్లో నూలు వడికారు, మగ్గాలు నేశారు. హక్కు వున్నది, కాగితమే లేదు. తాతగారి బడి దాఖలా ఏ పెట్టెలో వున్నదో వెతకని ఇల్లు, నిన్న వచ్చిన ఇల్లూ ఆఫీసు బల్ల ముందు ఒకటే.

పథకాల తీరు కూడా తెలుసుకోవాలి. 2014లో గ్రామాల బీద యువకుల కోసం వచ్చిన దీన్‌దయాళ్ కౌశల్య యోజనలో నిధిలో సగం షెడ్యూల్డు కులాలకు, తెగలకు, నూటికి 15 అల్పసంఖ్యాకులకు కేటాయించి, శిక్షణ పొందేవారిలో మూడోవంతు స్త్రీలు వుండాలన్నారు. 2023లో వచ్చిన విశ్వకర్మ యోజనలో 18 వృత్తులు చేర్చి, ఇంటికి ఒక్కరికే అన్నారు. ఆ 18లో దర్జీ వున్నాడు, కుమ్మరి వున్నాడు, వల అల్లేవాడు వున్నాడు; నేతగాడు లేడు. చేనేతకు వేరే పథకాలున్నవి. జాబితా రాసిన కలమే ముందువరుసను రాస్తుంది. కాబట్టి ఏ జాబితాలో మనమున్నామో చదువుకోవడం మన పని.

ఇంకొక మాట. శిక్షణ ఇచ్చే సంస్థకు, నేర్చినవారికి ఉద్యోగం దొరికితేనే పూర్తి సొమ్ము అందుతుందనుకోండి. ఆ సంస్థ ఎవరిని ఏరుకొంటుంది? ఎట్లాగూ ఉద్యోగం తెచ్చుకోగల చురుకైనవాణ్ణి ఏరుకొంటుంది. మీగడ తీసుకొని పాలు వదిలేసినట్టు. ఈ వంకను అన్ని దేశాలూ చూశాయి. అమెరికాలో 2014 నాటి చట్టం, పెద్దల శిక్షణకిచ్చే సొమ్ములో ముందు పాలు సర్కారు సాయం మీద బతికేవారికీ, తక్కువ రాబడి వారికీ, చదవడం రాయడం సరిగా రానివారికీ అని రాసిపెట్టవలసి వచ్చింది.

"తండ్రికి దుకాణం వున్నంత మాత్రాన తెలివైన కుర్రవాణ్ణి వెనక్కు నెట్టడమా?" అని కొందరు పెద్దలు మమ్మల్ని అడిగారు. సబబైన ప్రశ్నే. ఆ కుర్రవానికి ఫీజు కట్టి నేర్చుకొనే దారి వున్నది; 1961 నాటి అప్రెంటిసు చట్టం కింద నెలవేతనంతో కార్ఖానాలో నేర్చుకొనే దారి వున్నది. బీడీలు చుట్టే పిల్లకు ఈ ఒక్క తలుపే వున్నది. ఒకే తలుపు వున్నవారిని ముందు పంపడం, పది తలుపులు వున్నవారిని అవమానించడం కాదు.

కాబట్టి కార్యవర్గం ఈ సభ ముందు పెడుతున్న తీర్మానం ఇది. ఇకమీదట కబురు బల్లమీద మాత్రమే గాక, కార్ఖానాల దగ్గర, పవర్‌లూము షెడ్లలో నోటితో చెప్పాలి. వారం రోజులు పేర్లు తీసుకొని, ఆ తరువాతనే వరుస కట్టాలి. నెలజీతం వచ్చేవారు ఒక్కరూ లేని ఇల్లు ముందు, ఇంటికి ఒక్కరు, పదో తరగతి తప్పినవారిని తోసివేయరాదు, ఎనిమిదితోనే చేర్చుకొనే పనులు ఐ.టి.ఐ.లలోనే వున్నవి. అవసరం సమానమైతే అందరి ఎదుట చీటీ తీయాలి. కార్యవర్గం వారి పిల్లలు చివర.

ఒక్క సంగతి మరువరాదు. సీటు ఇచ్చి చేతులు దులుపుకొంటే సరిపోదు. తరగతికి వచ్చిన రోజు ఆ పిల్లకు బీడీల కూలి పోతుంది, పైన బస్సు ఖర్చు. వారం తిరగకుండానే మానివేస్తుంది. అప్పుడు "చూశారా, వీళ్ళకిస్తే ఇంతే" అని మనమే అంటాము. ఈ సంచికకు ప్రకటనల వల్ల వచ్చిన సొమ్ములో కొంత తీసి బస్సు ఖర్చుకు పెట్టాలని మా కోరిక. వచ్చే ఉగాదికి పందిరి కొంచెం చిన్నదైనా లోపమేమీ లేదు.

కిందటేడు తిరిగిపోయిన ఆ తల్లికి ఈ సభకు రమ్మని కబురు చేశాము. కార్ఖానా లెక్క ముగించుకొని ఇప్పుడే వచ్చి వెనుక వరుసలో కూర్చున్నది. తీర్మానానికి చేతులెత్తేముందు ఒక్కసారి అటు చూడండి.