చూడి పశువులు ఈసుకుపోవడం

చూడి కట్టిన ఆవు సుమారు 280 రోజులకు, గేదె సుమారు 310 రోజులకు ఈనుతాయి. ఆ గడువు నిండకముందే దూడ చచ్చి బయటపడితే పశువు ఈసుకుపోయిందంటారు. కంటికి కనిపించని నష్టం ఇంతకన్నా పెద్దది. పాడి ఆవుల్లో పోయే చూడిలో ఎక్కువ భాగం మొదటి ఆరు వారాల్లోనే పోతుంది. అప్పుడు బయటపడేదేమీ ఉండదు. ఆవు మళ్లీ ఎదకు వస్తుంది, కట్టలేదేమోనని రైతు అనుకుంటాడు.

భద్రాచలం చుట్టూ ఉన్న అడవి అంచు ఊళ్లలో మందంతటికీ ఒకే ఆంబోతు దాటడం మామూలు. విబ్రియోసిస్, ట్రైకోమోనియాసిస్ అనే రోగాలు దాటేటప్పుడే అంటుకుంటాయి. ఆంబోతు పైకి నిక్షేపంగా కనిపిస్తుంది, ఆవులు మాత్రం పదేపదే పొర్లుతాయి. పరీక్షించిన ఆంబోతు వీర్యంతో సూది వేయిస్తే ఈ దారి మూసుకుపోతుంది.

ఆరో నెల దాటాక ఈసుకుపోతే మొదట అనుమానించవలసింది బ్రూసెల్లోసిస్‌ను. దీనికి కారణమైన సూక్ష్మజీవిని 1897లో డెన్మార్క్ పశువైద్యుడు బెర్న్‌హార్డ్ బాంగ్ గుర్తించాడు. అది మాయలో చేరి విపరీతంగా పెరుగుతుంది. మాయ వాచి, తల్లి నుంచి దూడకు అందేది తగ్గి, దూడ చనిపోతుంది. తర్వాత చాలాసార్లు మాయ పడదు. అసలు మోసం ఆ తర్వాతే ఉంది. ఒకసారి ఈసుకుపోయిన ఆవు తర్వాతి ఈతల్లో చాలావరకు మామూలుగానే ఈనుతుంది. రోగం పోయిందని ఇంట్లోవాళ్లు నమ్ముతారు. కానీ పాలలో, ఈనినప్పటి మైలలో సూక్ష్మజీవి వస్తూనే ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం వైపు మందలు కలిసి మేసి, ఒకే వాగులో నీళ్లు తాగేచోట పడిపోయిన దూడను, మాయను మరో ఆవు నాకితే చాలు, రోగం అంటుకుంటుంది.

ఇది మనిషికీ సోకుతుంది. పచ్చిపాలు తాగినా, ఒట్టి చేతులతో మాయ తీసినా వారాల తరబడి వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు పట్టుకుంటాయి. మలేరియా ఎక్కువగా ఉండే ఏజెన్సీలో ఆ జ్వరాన్ని మలేరియాగా పొరబడే ప్రమాదం ఉంది. పశువు ఈసుకుపోయిన సంగతి డాక్టరుకు చెప్పడం చాలా అవసరం.

గాలికుంటు జ్వరం, పిడుదుల వల్ల వచ్చే థైలేరియా, మండువేసవి వేడి, పచ్చిమేత కరువై విటమిన్ ఎ లోపించడం కూడా చూడిని పోగొడతాయి. దిష్టి తగిలిందని సరిపెట్టుకుంటే వీటిలో ఏదీ బయటపడదు. పరీక్షలు చేయిస్తేనే కారణం తెలిసే వీలుంటుంది.

పడిపోయిన దూడను, మాయను కుక్కలకు వదలకుండా, వాగుకు దూరంగా లోతైన గోతిలో సున్నం చల్లి పూడ్చాలి. చేతులకు తొడుగులు ఉండాలి, పశువును మందకు దూరంగా కట్టాలి. పాలు కాచే తాగాలి. సంతలో కొన్న పశువును పరీక్ష కాకుండా మందలో కలపకూడదు. 2019లో మొదలైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం కింద 4 నుంచి 8 నెలల పెయ్య దూడలకు బ్రూసెల్లోసిస్ టీకా ఒక్కసారి ఉచితంగా వేస్తారు. కోడెదూడలకు, చూడి పశువులకు ఈ టీకా వేయరు. తెల్లారే అడవికి తోలిన పెయ్యలకు అది తప్పిపోతుంది కాబట్టి, టీకా వేసే రోజున పెయ్యలను ఊళ్లోనే కట్టి ఉంచండి.