ఆకు చేయు పొదుపు

ఆదాయము కొన్ని గంటలపాటే వచ్చుచు, ఖర్చు మాత్రము రేయింబవళ్లు ఉండు సంసారమును నడుపుట సులభము కాదు. మొక్క నడుపుచున్న సంసారము అట్టిదే. సూర్యరశ్మి ఉన్నంతసేపే దానికి సంపాదన. వేరు సాగుటకు, చిగురు తొడుగుటకు, శ్వాసించుటకు శక్తి రాత్రివేళ కూడ కావలెను. ఈ రాత్రి ఖర్చును మొక్క ఎట్లు జరుపుకొనుచున్నదో విచారింతము.

పగటివేళ ఆకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు తెచ్చిన నీటిని గ్రహించి చక్కెరను తయారుచేయును. అందులో కొంత వేళ్లకు, మొగ్గలకు అప్పటికప్పుడే చేరును. మిగిలినదానిలో చాలభాగము ఆకులోని హరితరేణువులయందు పిండిపదార్థముగా నిలువయగును. చక్కెరగానే ఏల దాచరాదు? చక్కెర నీటిలో కరగును. ఎక్కువగా చేరినచో కణములోనికి నీటిని లాగును. పిండి అట్లు కరుగదు. చిన్న గింజవలె అణగియుండును.

ఈ పిండి వెలుతురు మూలముననే ఏర్పడుచున్నదని జర్మను శాస్త్రజ్ఞుడు జూలియస్ సాక్స్ 1862 ప్రాంతమున తెలిపెను. సాయంకాలము కోసిన ఆకును వేడినీటిలో ముంచి, స్పిరిటుతో దాని పచ్చదనమును పోగొట్టి, అయొడిన్ పోసినచో నల్లబడును. తెల్లవారుజామున కోసిన ఆకు అంతగా నల్లబడదు. పగలు నిండిన గాదె రాత్రి ఖాళీ అయినదన్నమాట.

ఆ గాదె ఖాళీ అగు తీరే మిక్కిలి వింతయైనది. ఆవాల కుటుంబమునకు చెందిన ఆరబిడాప్సిస్ అను చిన్న మొక్కలో పిండి రాత్రియంతయు ఒకే వేగముతో తరుగుచు, ఉదయమునకు నూటికి 95 పాళ్లు ఖర్చగును. దీపము వేళకుముందే ఆర్పి రాత్రిని పొడిగించినను, ఆ రాత్రియే మొక్క తన ఖర్చును తగ్గించుకొని తెల్లవారువరకు నెట్టుకొనివచ్చును. తెల్లవారు వేళను దానికి తెలుపునది లోపలనున్న గడియారము. 2010లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 14 గంటల పగలు, 14 గంటల రాత్రి కల్పించి చూచిరి. గడియారము 24 గంటల లెక్కనే నడచినందున పిండి ముందుగానే అయిపోయినది; మొక్క ఆకలికి గురియై పెరుగుదల కుంటుపడినది. ఉన్న పిండిని మిగిలిన గంటలచే భాగించుటవంటి లెక్క ఏదో ఆకులో జరుగుచున్నదని 2013లో ఇంగ్లాండులోని నారిచ్ నగరమున గల జాన్ ఇన్నెస్ కేంద్రమువారు ప్రతిపాదించిరి.

ఈ పొదుపు లేకున్న ఏమగును? పిండిని తయారుచేయలేని ఆరబిడాప్సిస్ మొక్కలను అమెరికా శాస్త్రజ్ఞులు 1985లో వర్ణించిరి. ఎడతెగని వెలుతురులో అవి తక్కినవానివలెనే పెరిగినవి. రాత్రి వచ్చు పరిస్థితులలో మాత్రము గిడసబారినవి. పగలు సంపాదన తక్కువై కాదు, రాత్రికి నిలువ లేకయే అవి చెడినవి.

ఆకులోనిది ఒక్కరాత్రి నిలువ. వరి ఇంతకంటె దీర్ఘకాలపు నిలువను కూడ చేయును. వెన్ను తీయుటకు ముందు కాండములోను, ఆకు తొడుగులలోను పిండిని చేర్చుకొని, గింజ పాలు పోసుకొనువేళ దానిని చక్కెరగా మార్చి గింజకు పంపును. అప్పుడు మబ్బు పట్టి ఎండ తగ్గినను ఈ నిలువ కొంత ఆదుకొనును.

అయితే రాత్రులు వేడెక్కినచో మొక్క శ్వాసక్రియ హెచ్చి ఖర్చు పెరుగును. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలములలో ఎండకారు పంటను పరిశీలించి, రాత్రి ఉష్ణము ఒక్క డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి నూటికి 10 పాళ్లు తగ్గినట్లు 2004లో ప్రకటించిరి. దీనికి కారణము శ్వాసక్రియ ఒక్కటే కాకపోవచ్చును గాని, రాత్రి జరుగు ఖర్చు రైతునకు ఎంత ముఖ్యమో ఇందువలన తెలియుచున్నది. మన కంచములోని అన్నము, మొక్క తన రాత్రులను గడుపుకొనగా మిగిల్చిన పిండియే గదా!