విద్యుత్ గిటారు – వాద్యబృందము

కామారెడ్డి బజారులో పెండ్లి ఊరేగింపు సాగునపుడు, బ్యాండుమేళము నడుమ ఒక వైణికుని కూర్చుండబెట్టవలెనని ఎవరికిని తోచదు. తోచినను వీణ వినబడదు. బాకాయు డ్రమ్మును వీథికొరకు పుట్టినవి. వీణ గదికొరకు పుట్టినది. రాక్ సంగీతకారుడు పాశ్చాత్య శాస్త్రీయ వాద్యబృందముతో చేరదలచినపుడు ఎదురగు చిక్కు ఇంచుమించు ఇట్టిదే.

రేడియోలో సినిమాపాట వచ్చునపుడు గిటారును, పదులకొలది వాయులీనములును ఒకదాని నొకటి మ్రింగివేయకుండ వినబడును. ఎల్లారెడ్డిలో వినువారికైనను, హైదరాబాదులో వినువారికైనను ఇందు వింత కానరాదు. అది మైక్రోఫోనుల చలువ; ధ్వనిముద్రణశాలలో మీటలు త్రిప్పి హెచ్చుతగ్గులను సవరింతురు. సభాభవనమున ఎనుబదిమంది ఏ యంత్రమును లేక వాయించు బృందమునకు ఆ సదుపాయము లేదు. వేణువు వినబడుటకై తక్కినవా రెచ్చట తగ్గవలెనో స్వరకర్త ముందుగనే కాగితముపై వ్రాసి యుంచును. రాక్ సంగీతకారుని మార్గము వేరు. నలుగురైదుగురే విద్యుత్ సాయమున పెద్ద సభను అదరగొట్టుదురు. అందు చాల భాగము అప్పటికప్పుడు పుట్టునది.

1969 సెప్టెంబరు 24న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో డీప్ పర్పుల్ బృందపు జాన్ లార్డ్ ఈ రెంటిని ఒక్క వేదికపై కూర్చెను. రాయల్ ఫిల్‌హార్మొనిక్ వాద్యబృందమును మాల్కమ్ ఆర్నల్డ్ నడపెను. అయితే నేను ముఖ్యముగ చెప్పదలచినది మరియొకని గురించి. అతనికి మన సంగీతముతోడను, ఒక తెలుగు బిడ్డతోడను సంబంధము గలదు.

జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో ఇంగ్లండు నందలి యార్క్‌షైరులో జన్మించెను. జాజ్, రాక్ పద్ధతులను మేళవించి 1971లో ‘మహావిష్ణు ఆర్కెస్ట్రా’ను స్థాపించెను. పేరు చూచి భజనమండలి యనుకొనరాదు. అది గురువగు శ్రీ చిన్మయ్ ఒసగిన నామము. సంగీతము మాత్రము చెవులు గింగురుమనునట్టిది. ఆర్కెస్ట్రా యన్న పేరే గాని మొదట అందున్నవారు ఐదుగురే.

1974లో అతడు నిజమైన ఆర్కెస్ట్రానే, లండన్ సింఫొనీ ఆర్కెస్ట్రాను, చేర్చుకొని ‘అపోకలిప్స్’ అను రికార్డు చేసెను. మైకేల్ టిల్సన్ థామస్ బృందమును నడపెను. బీటిల్స్ రికార్డులను తీర్చిదిద్దిన జార్జి మార్టిన్ పర్యవేక్షించెను. ఇంతటివారు కూడినను నా చెవికి అది రెండు కచేరీలవలె తోచును. వాయులీనములు మృదువుగ ఒక లోకమును నిర్మించును. డ్రమ్ములు ప్రవేశింపగనే అవి వెనుకకు తొలగును. ఒకరు ముగించిన పిమ్మట మరియొకరు మాటలాడుదురు. సంభాషణ మాత్రము జరుగదు.

అటుపిమ్మట అతడు ‘శక్తి’ యను బృందమున జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరాములతో కూర్చుండెను. అంతకుముందే అమెరికాలో వీణ నభ్యసించియుండెను. మెట్ల నడుమ పలకను తొలిపించి, తంత్రిని లాగి గమకము పలికింప వీలగు కఱ్ఱ గిటారును చేయించుకొనెను. ఈ పాఠము వృథా కాలేదు. 1988లో అదే లండను బృందముతో, అదే టిల్సన్ థామస్ నిర్వహణమున ముద్రించిన ‘మెడిటరేనియన్ కన్చెర్టో’లో అతడు విద్యుత్ గిటారును ప్రక్కన బెట్టి కఱ్ఱ గిటారునే వాయించెను. బృందమునకు ప్రతి స్వరమును వ్రాతలోనే యున్నను, తన వంతులో కొన్ని తావులు మనోధర్మమునకు విడిచికొనెను. మన కచేరీలో కృతి స్థిరముగ నుండి కల్పనస్వరము నాటిదై యుండుట ఇట్టిదే కదా! పాత ఉద్ధృతిని కోరువారికి ఇది చప్పగ తోచవచ్చును. ఆ నష్టము నిజమైనదే. అయినను ఇందు ఇరుపక్షములును ఒకరి నొకరు విందురు.

ఇచ్చట పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జ్ఞప్తికి వచ్చును. జంట తంత్రుల మాండొలినును మీటిన మరుక్షణమే నాదము అణగును, గమకము నిలువదు. అతడు ఐదు ఒంటి తంత్రులు అమర్చి, విద్యుత్తు చేర్చి, ఆ నాదమును సాగించి త్యాగరాజ కృతులను పలికించెను. మెక్‌లాఫ్లిన్ వాద్యబృందముతో పొసగుటకై విడిచిన విద్యుత్తునే చేపట్టి, ఈ బాలుడు కర్ణాటక సభలో స్థానము సంపాదించెను.

ఈ యిరువురును పిదప ‘రిమెంబర్ శక్తి’ బృందమున పెక్కేండ్లు కలిసి వాయించిరి. అందు మెక్‌లాఫ్లిన్ మరల విద్యుత్ గిటారునే పట్టెను. వారి బొంబాయి కచేరీ రికార్డు 2001లో వెలువడినది. దొరకినచో ముందు ‘అపోకలిప్స్’ను, పిదప దీనిని వినుడు, మాండొలిను పలుకునపుడు ఆ గిటారు ఎంత తగ్గి నడచుచున్నదో గమనింపుడు.