సూత్రానికి లొంగని పిక్క

పట్టాలు అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు, వాళ్ల కోసం పొద్దున్నే బస్సెక్కి టెక్కలి వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

మెకానికల్ చదివినవాడికి పరిశోధనలో పనేముందనుకునేవాళ్లు ఒకసారి పలాస వెళ్లి జీడి కార్ఖానాలో నిలబడండి. ఉడికించి ఆరబెట్టిన పిక్కను ఒకావిడ రెండు బ్లేడ్ల మధ్య పెట్టి, కాలితో పెడల్ తొక్కుతుంది. పెంకు విచ్చుకోవాలి, లోపలి గుండు మాత్రం విరగకూడదు. విరిగి బద్దయిందా, ధర పడిపోతుంది. పెంకులోని నూనె తగిలితే వేళ్లు పొక్కిపోతాయి. ఈ పనికి ఆటోమేటిక్ మిషన్లు వచ్చినా చేతిపని పూర్తిగా పోలేదు. ఏ రెండు పిక్కలూ ఒక్కలా ఉండవు మరి! వంపు వేరు, పెంకు మందం వేరు, తేమ వేరు. ఆవిరి ఎంతసేపు పట్టాలి, బ్లేడు ఎంత లోతుకు దిగి ఆగాలి? మీరు పరీక్షల్లో రాసిన ఫ్రాక్చర్ మెకానిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ రెండూ ఆ పిక్కలోనే ఉన్నాయి. కానీ స్టీలు కడ్డీకి వేసిన లెక్క దానికి చెల్లదు. అలా చెల్లని చోటే పరిశోధకుడి పని మొదలవుతుంది. అన్నట్టు, వేళ్లు కాల్చే ఆ నూనె నుంచి వచ్చే కార్డనాల్ రెజిన్ పొడినే వాహనాల బ్రేక్ లైనింగుల్లో కలుపుతారు.

ఇచ్ఛాపురం దాటితే బరంపురం. అక్కడ పుట్టిన కోట హరినారాయణ మీలాగే మెకానికల్ ఇంజనీరు. బెనారస్‌లో ఇంజనీరింగ్ డిగ్రీ, ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో చదువు, ఐఐటీ బొంబాయిలో పీహెచ్‌డీ. తేజస్ యుద్ధవిమానానికి ఆయనే చీఫ్ డిజైనర్. 1983లో అనుమతి దొరికిన ఆ విమానం తొలిసారి గాలిలోకి లేచింది 2001 జనవరి 4న. దాన్ని కావాలనే నిలకడ లేకుండా రూపొందించారు. కంప్యూటర్ అనుక్షణం సరిదిద్దుతుంటేనే అది ఎగురుతుంది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షలతో అమెరికా సాయం ఆగిపోతే, ఆ కంట్రోల్ వ్యవస్థను మనవాళ్లే పూర్తిచేశారు. ఆలస్యమైందన్న విమర్శలో నిజం లేకపోలేదు. అయినా అన్నేళ్లు ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చున్నవాళ్లంటే నాకు గౌరవం.

పరిశోధనలోకి వెళ్లే దారుల సంగతి క్లుప్తంగా చెబుతాను. గేట్ స్కోరుతో డీఆర్‌డీవోలో సైంటిస్ట్ 'బి'కి ప్రయత్నించవచ్చు. ఇస్రోలో సైంటిస్ట్/ఇంజనీర్ 'ఎస్‌సీ'గా చేరడానికి బీటెక్ చాలు. లేదంటే ఎంటెక్, పీహెచ్‌డీ. ఫైనలియర్ ప్రాజెక్టును అమీర్‌పేటలో కొనుక్కొచ్చినవాళ్లకు మాత్రం ఇంటర్వ్యూలో చెమటలు తప్పవు.

పరిశోధించాల్సిన ప్రశ్న మన పక్కనే ఇంకొకటి ఉంది. పలాసలో 2023లో కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అయినా ఉద్దానం ప్రాంతాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు మూలం ఇంకా తేలలేదు. మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో ఇలాంటి జబ్బే కనిపిస్తే, ఎండవేడికీ, ఒంట్లో నీరు తగ్గడానికీ దానితో ఉన్న సంబంధాన్ని అక్కడి శాస్త్రవేత్తలు పరిశీలిస్తున్నారు. ఎండలో పనిచేసే మనిషి ఒంటి నుంచి వేడి ఎంత బయటికి పోతోందో కొలవడం థర్మల్ ఇంజనీరుకు తెలిసిన విద్య. డాక్టర్లు పిలిచేదాకా ఆగకండి, మీరే వెళ్లి అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు పీహెచ్‌డీలో చేరితే, పెళ్లిళ్లలో "మీవాడు ఇంకా చదువుతూనే ఉన్నాడేటి?" అని అడుగుతారు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలని, ఇంటద్దె అలవెన్సు వేరని చెప్పండి. అయిదేళ్లు పట్టవచ్చన్న సంగతి కూడా దాచకండి.