ఇంటి పద్దులో పెంపుడు బిడ్డ

(సంఘ కుటుంబసభలో చదువబడిన ప్రసంగపాఠము)



బస్తరు పేరు వినగానే తెలుగువారికి ఓరుగల్లు స్ఫురించుట సహజము. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఈ అడవిసీమకు వచ్చి రాజ్యము నెలకొల్పెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ రాజులు నడచిన త్రోవ మాసిపోయినది. 1960లలో నిర్మింపబడిన కొత్తవలస–కిరండూలు రైలుమార్గము మాత్రము తెలుగుసీమను బస్తరుతో మరల ముడివేసినది. బైలాడిల ఇనుపగనులకును, తపాలా, రైల్వే మున్నగు శాఖలకును వచ్చిన తెలుగువారెందరో ఇచ్చట కాపురములు పెట్టిరి.

ఈ సీమ చరిత్రలో దత్తతకు ఒక విచిత్రమైన స్థానము గలదు. బస్తరు ఒకప్పుడు నాగపురపు భోంస్లే రాజులకు కప్పము గట్టు సంస్థానము. 1853లో మూడవ రఘోజీ భోంస్లే పుత్రసంతానము లేక మరణించెను. రాణివాసమువారు తలపెట్టిన దత్తతను గవర్నరు జనరలు డల్హౌసీ అంగీకరింపలేదు. 1854లో నాగపుర రాజ్యము కుంఫిణీ పాలనలో కలిసిపోయెను. దానితోపాటు బస్తరును ఆంగ్లేయుల పైయధికారము క్రిందికి పోయెను. ఒక దత్తతకు గుర్తింపు లభింపకపోవుటచే ఒక రాజ్యమే చేయిజారినది.

నేటి గుమాస్తాకు రాజ్యము లేదు. కాని భవిష్యనిధి యున్నది, పింఛను ఉన్నది, పోస్టాఫీసు పుస్తకమున్నది. అవి పెంచుకొన్న బిడ్డకు నిరాటంకముగా చేరవలెనన్నచో, రూపాయి కూడబెట్టుటకు ముందే ఆ బిడ్డ పేరు కాగితముపైకి ఎక్కవలెను. పెంపుడు బిడ్డ యున్న ఇంట తొలి పొదుపు ఇదియే. తక్కిన పొదుపులన్నియు దీని తరువాతివి.

విషయము సుబోధమగుటకు జగదల్పూరులో కాపురమున్న ఒక జంటను ఉదాహరణముగా ఊహించుకొనవచ్చును. భర్త ఒక కేంద్రప్రభుత్వ కార్యాలయమున గుమాస్తా, వయస్సు నలువదినాలుగు. భార్య తపాలా శాఖ ఉద్యోగిని, వయస్సు నలువదియొకటి. సంతానము లేదు. ‘కారా’ యని పిలువబడు కేంద్ర దత్తత సంస్థలో పేరు నమోదు చేసికొని, మూడేండ్లకు పైగా నిరీక్షించిన పిమ్మట రెండేండ్లు దాటిన పాప యొకతె వారి ఇంటికి వచ్చినది.

నిరీక్షించిన కాలమును వారు వ్యర్థము చేయలేదు. బిడ్డ వచ్చినచో నెలకెంత ఖర్చగునో లెక్కవేసి, ఆ మొత్తమును అప్పటినుండియే ప్రతినెల వేరుచేసి పోస్టాఫీసులో వేయుచు వచ్చిరి. దీనివలన లాభములు రెండు. పాప వచ్చునాటికి ఆరునెలల ఇంటిఖర్చుకు సరిపడు నిలువ చేతనుండెను. అంతకుమించి, మిగిలిన జీతముతో ఇల్లు నడుపు అలవాటు ముందే కుదిరెను.

దత్తత విషయమున చెల్లింపవలసిన రుసుములు నిబంధనలలో నిర్ణయింపబడి యున్నవి. వానికి మించి ‘విరాళము’ పేరను గాని, ‘త్వరగా కుదిర్చెదము’ అను మాటపై గాని ఎవ్వరికిని పైకము ఈయరాదు. బిడ్డను అమ్ముటయు కొనుటయు 2015నాటి బాలల న్యాయచట్టము ననుసరించి ఐదేండ్లవరకు కఠినశిక్షకు, లక్షరూపాయల జరిమానాకు తగిన నేరము. అడ్డదారిలో వచ్చిన బిడ్డకు కాగితము పుట్టదు. కాగితము లేని బిడ్డను ఏనాడు ఎవరు తీసికొనిపోదురోయను భయము తీరదు.

పాప వచ్చిన వారమునకే విశాఖనుండి కిరండూలు రైలులో అత్తగారు దిగిరి. మనుమరాలికని కీలుగుఱ్ఱము, మాటలాడు బొమ్మ, పట్టుపావడాలు తెచ్చిరి. ఊరివారినందరిని పిలిచి విందు చేయవలెనని ఆమె పట్టు. పాపయో, బొమ్మ మాటలాడగానే బెదరి మంచము క్రింద దూరినది. జనము వచ్చినచో గోడకు అంటుకొని నిలుచును. డబ్బాలలోని ఖరీదైన పిల్లల ఆహారమును ముట్టదు. చేతికిచ్చిన రొట్టెలో సగము తిని, సగము తలగడ క్రింద దాచుకొనును.

ఆ దాచిన రొట్టెముక్కలు చూచి అత్తగారికి కష్టము తోచినది. “ఇదేమి బుద్ధి, అమ్మాయీ? మనమింట లేనిదా?” అనిరి.

“బుద్ధి కాదు, అత్తయ్యగారూ, భయము. రేపు కూడ పెట్టుదుమని దానికి ఇంకను నమ్మకము కుదరలేదు” అని కోడలు బదులు చెప్పెను.

ఆ రాత్రినుండి పాప మంచము ప్రక్కన చిన్నగిన్నెలో రెండు బిస్కత్తులుంచిరి. తీసికొనిన పిదప మరల నింపిరి. కొన్ని వారములకు గిన్నె నిండుగానే తెల్లవారజొచ్చినది. ఇందులకైన ఖర్చు ఎన్నదగినది కాదు. విందుతోను, బొమ్మలతోను సాధ్యముకాని పని గిన్నెడు బిస్కత్తులతో జరిగినది. విందు మానుటవలన మిగిలిన పైకము నిలువలో చేరినది.

వసతిగృహములలో కొంతకాలము పెరిగి వచ్చిన పిల్లలలో ఇట్లు ఆహారము దాచుకొనుట అరుదు కాదు. అట్టి బిడ్డకు తొలియేట కావలసినవి వస్తువులు కావు; ఒకే ముఖములు, ఒకే వేళలు, ఒకే అన్నపుపళ్ళెము. అనగా తలిదండ్రుల కాలము. ఉద్యోగుల ఇంట కాలమనగా సెలవు. కావున సెలవు నిబంధనలు ఎరుగుట పొదుపులో ముఖ్యభాగము.

ఇద్దరికంటె తక్కువ సంతానముగల ఉద్యోగిని ఏడాది నిండని శిశువును దత్తత చేసికొన్నచో నూట ఎనుబది దినముల దత్తత సెలవు గలదు. ఉద్యోగికి పదునైదు దినములు. ఈ దంపతుల పాప ఏడాది దాటినది గనుక ఆ సెలవు వర్తింపలేదు. అయినను పదునెనిమిదేండ్లలోపు పిల్లల కొరకు ఉద్యోగినికి సర్వీసు మొత్తమున ఏడువందల ముప్పది దినముల శిశుసంరక్షణ సెలవు లభించును. మొదటి మున్నూట అరువదియైదు దినములకు పూర్తిజీతము, తరువాతివానికి నూటికి ఎనుబది వంతులు. ఆమె అందులో నాలుగునెలలు వాడుకొని, మిగిలినది పరీక్షల యేండ్లకును, జబ్బులకును అట్టిపెట్టెను. ఆమె కొలువులో చేరిన పిదప భర్త తన ఆర్జితసెలవులో ఒక మాసము తీసికొనెను. ఆ అయిదునెలలు దాదికి జీతమీయనక్కరలేక పోయినది. పాపకు ఇల్లు తెలిసినది.

ఆహార విషయమున ఆ ఇంటికి దారిచూపినది పనిమనిషి. ఆమె ఒకనాడు తనకొరకు కాచుకొన్న రాగిజావను పాప ఆశగా చూచినది. గిన్నెలో పోసి ఈయగా గటగట త్రాగినది. రాగులను ఈ ప్రాంతమున మండియా యందురు. ఆ జావకు పేజ్ అని పేరు. తెలుగింటి అంబలికి ఇది తోబుట్టువు. ఖరీదైన డబ్బా బదులు వారపుసంతలోని రాగులు, పాలగుండ, గ్రుడ్లు, ఆకుకూరలు పాప పళ్ళెములోనికి వచ్చినవి. ఖర్చు తగ్గినది. అంతకంటె ముఖ్యముగా, కొత్త యింట పాత రుచి యొకటి ఆ బిడ్డకు తోడైనది.

అయినను తగ్గింపరాని ఖర్చులు కొన్ని గలవు. బస్తరు మలేరియా బెడదగల సీమ. దోమతెర కొనుటకు వెనుదీయరాదు. టీకాలు ప్రభుత్వ వైద్యశాలలలో ఉచితము. వాని కాలపట్టికను తప్పరాదు. ఈ ప్రాంతమున కొడవలికణ రక్తహీనత కలదు గనుక దత్తత సంస్థ ఇచ్చిన వైద్యనివేదికలో ఆ పరీక్ష లేనిచో చేయించుట మంచిది. పాలలోను, మందులలోను, వైద్యుని సలహాలోను మిగిల్చిన రూపాయి పొదుపు కాదు. అది వడ్డీతో చెల్లింపవలసిన అప్పు.

ఇక కాగితముల సంగతి. 2021నాటి సవరణము 2022లో అమలైనప్పటినుండి దత్తత ఉత్తర్వును న్యాయస్థానమునకు బదులు జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చుచున్నారు. ఆ ఉత్తర్వుతో పెంపుడు తలిదండ్రుల పేర్లు గల జనన ధ్రువపత్రము లభించును. చట్టము దృష్టిలో ఆ బిడ్డ కడుపున పుట్టిన బిడ్డతో సమానము. తరువాత రెండేండ్లపాటు ఆరేసి నెలలకు ఒకసారి అధికారులు వచ్చి బిడ్డ క్షేమము విచారింతురు. దానిని తనిఖీగా భావించి వెరవనక్కరలేదు.

ఉత్తర్వు అందిన నాడే చేయవలసిన పనులు ఇవి. కార్యాలయమున కుటుంబవివరముల పత్రములో బిడ్డ పేరు చేర్పింపవలెను. భవిష్యనిధి, జాతీయ పింఛను పథకము, సామూహిక బీమా – వీనియందు నామినేషనులను తిరిగి వ్రాయవలెను. వైద్యసౌకర్యమునకు పేరు నమోదు చేయింపవలెను. ఈ దంపతుల పాత నామినేషనులలో భర్త తమ్ముని పేరుండెను. మార్చుటకు భర్త కొంత సంకోచించెను.

“తమ్ముడు నొచ్చుకొనునేమో” అనెను.

“మరిదిగారు నొచ్చుకొన్నచో ఒకపూట మాటలాడి సమాధానపరుపవచ్చునండీ. పాప పేరు లేకపోయినచో దాని తరఫున మాటలాడువారెవరు?” అని ఆమె అడిగెను.

మరునాడే పత్రములు దాఖలైనవి. విని తమ్ముడు స్వయముగా ఉత్తరము వ్రాసి సంతోషము తెలిపెను. అన్ని ఇండ్లలోను ఇంత సులభముగా జరుగకపోవచ్చును. అందువలననే ఆ పని ఆలస్యము చేయరాదు.

పెంపుడు తలిదండ్రుల లెక్కలో వయస్సు ఒక పెద్ద అంకె. ఈ ఇంటి పాపకు పదునెనిమిదేండ్లు వచ్చునప్పటికి తండ్రి అరువదవ యేట పదవీవిరమణ చేయును. అనగా కళాశాల ఖర్చు మొదలగు నాటికి జీతము ఆగిపోవును. ఇరువదియైదవ యేట తండ్రియైనవానికి లేని చిక్కు ఇది. కావున వారి పొదుపు ముందుగానే ముగియవలెను.

2015లో ఆరంభమైన సుకన్యాసమృద్ధి ఖాతా ఇట్టి యింటికి తగినది. పదేండ్లలోపు బాలిక పేరను తెరువవచ్చును. దత్తపుత్రికకును ఇది వర్తించును. ఏటికి కనీసము రూ. 250, అధికపక్షము రూ. 1,50,000. పదునైదేండ్లు జమచేయవలెను; తెరచిన నాటినుండి ఇరువదియొకటవ యేట ఖాతా పండును. పదునెనిమిదేండ్లు నిండిన పిదపగాని, పదవతరగతి ముగిసిన పిదపగాని చదువు నిమిత్తము నిలువలో సగమువరకు తీసికొనవచ్చును. పాప రెండవ యేట తెరచినచో పదునేడవ యేటికి చెల్లింపులు ముగియును. నాటికి తండ్రికి ఇంకను ఒక యేడు సర్వీసుండును. నెలకు రెండువేలు చొప్పున వేసినను పదునైదేండ్లలో అసలే రూ. 3,60,000 అగును, వడ్డీ దానికి అదనము. మగబిడ్డయైనచో ప్రజాభవిష్యనిధి ఇట్టి పనికే వచ్చును.

ఎందరో బిడ్డల పేర్ల ఆ ఖాతా పుస్తకములను తన కౌంటరులో వ్రాసియిచ్చిన తల్లి, తన బిడ్డ పుస్తకమును తోటి ఉద్యోగిచే వ్రాయించుకొని, ఇంటికి వచ్చి దేవునియెదుట పెట్టినది.

బడి ఖర్చునకు తోడ్పాటు గలదు. పిల్లల విద్యాభత్యము 2024 జనవరి 1 నుండి బిడ్డకు నెలకు రూ. 2,812.50గా నిర్ణయింపబడినది. ఇద్దరు పిల్లలవరకు ఇది లభించును. భార్యాభర్తలిద్దరును కేంద్రోద్యోగులైనచో ఒక్కరే పొందవలెను. జగదల్పూరులో కేంద్రీయ విద్యాలయము గలదు. బదిలీ యైనను చదువు తెగదు. విద్యాభత్యము వచ్చినప్పుడు దానిని ఇంటిఖర్చులో కలుపక, బడి నిమిత్తమే వినియోగించుట మంచి నియమము.

చివరకు ఒక చిన్నవిషయము. గుమాస్తాల యిండ్లలో పద్దుపుస్తకము సాధారణము. పాప వచ్చిన మొదటినెల తండ్రి పుస్తకములో ‘పాప ఖర్చు’ అని వేరొక పద్దు తెరచెను. పాలు, బట్టలు, మందులు అన్నియు అందులో వ్రాయజొచ్చెను. నెలాఖరున మొత్తము వేసి, “పాపకు ఇంతైనది” అని చదివెను. అత్తగారు అది విని, “మీ చిన్నతనమున మీ నాన్నగారు కూడ పద్దు వ్రాసిరి. బియ్యమునకు వ్రాసిరి, కిరసనాయిలునకు వ్రాసిరి, నీకని వేరుపద్దు నేనెన్నడు చూడలేదు, నాయనా” అనిరి.

ఆయన బదులు చెప్పలేదు. రెండవనెల పుస్తకములో ఆ శీర్షిక లేదు. పాప పాలు ఇంటిపాలలోను, పాప బట్టలు ఇంటిబట్టలలోను కలిసిపోయినవి.

పెంపుడు బిడ్డకు “నీకింత పెట్టితిమి” అను మాట ఏనాడును చెవిని పడరాదు. ఖర్చు ఇంటిది, కూడబెట్టినది మాత్రము బిడ్డ పేర నుండవలెను. ఈ భేదము తెలిసిన ఇంట పొదుపు పిసినితనము కాదు.