ఊర్లో చేసిన సరుకు ఫోన్‌లో ఎట్ల అమ్మాలి?

(పోయిన శుక్రవారం మన గ్రూపు మీటింగ్‌లో నేను మాట్లాడిన మాటలు ఇవి. డ్యూటీ ఉండి రాలేకపోయినోళ్ళు అడిగారని రాసి పెడుతున్నాను.)



ముందే చెప్తున్నా, నేను పెద్ద చదువులు చదివినోణ్ణి కాదు. టెన్త్ పాసై, జగిత్యాల జిల్లా నుంచి షట్టరింగ్ కార్పెంటర్‌గా బహ్రెయిన్ వచ్చాను. ఇప్పుడు సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. డిజిటల్ మార్కెటింగ్ అని వేలకు వేలు తీసుకుని కోర్సులు చెప్పేటోళ్ళు ఉన్నారు. నేను చెప్పేది ఆ కోర్సు కాదు. మా ఇంట్లో నాలుగేళ్ళ నుంచి చేస్తూ, తప్పులు చేస్తూ నేర్చుకున్నది మీ ముందు పెడుతున్నాను.

ఎందుకు చెప్తున్నానంటే, మన వీసా ఎప్పటికీ ఉండేది కాదు. మోకాళ్ళు కూడా ఎప్పటికీ ఉండవు. ఇంటికి పోయిన రోజు అక్కడ ఏదో ఒక ఆధారం ముందే నిలబడి ఉండాలి. మనం పోయినంక మొదలుపెడదామంటే ఆలస్యమైతది.

మా ఇంటామె సకినాలు బాగా చేస్తది. సంక్రాంతికి వాడకట్టు మొత్తం ఆమెనే పిలుస్తారు. నాలుగేళ్ళ కింద నేను అన్నాను, ఊరికే చేసి పెట్టుడెందుకు, అమ్ముదాం అని. "మొగుడు గల్ఫ్‌ల ఉంటే పెండ్లాం సకినాలు అమ్ముకుంటుందా అని నలుగురు నవ్వరా?" అన్నది. రెండు నెలలు నచ్చజెప్పితే ఒప్పుకుంది.

ఇగ నేను చేసిన మొదటి తప్పు వినండి. ఆమె సకినాలు చుడుతుంటే మా కొడుకు వీడియో తీసి నాకు పంపాడు. నేను ఆమెను ఒక్క మాట అడగకుండా, ముఖం కనబడే ఆ వీడియోను, ఇంటి ఫోన్ నంబరుతో సహా ఫేస్‌బుక్‌లో పెట్టేశాను. వీడియో బాగా తిరిగింది. ఆర్డర్లు కూడా వచ్చినయి. కానీ రాత్రి పదకొండు గంటలకు ముక్కూ మొహం తెలియనోళ్ళు ఫోన్లు చేసుడు మొదలైంది. వీడియో కాల్స్ చేసేటోళ్ళు. ఆమె మూడు రోజులు ఫోన్ ఆఫ్ చేసి పెట్టింది. నాతో కూడా మాట్లాడలేదు. నాలుగో రోజు ఒక్కటే మాట అన్నది: "సరుకు అమ్ముతా అన్న గానీ, నన్ను బజార్ల పెట్టమన్ననా?"

అన్నలారా, అందుకే నా మొదటి పాయింటు ఇది. చేసేది వాళ్ళు, ఊర్లో ఉండేది వాళ్ళు. ముఖం కనబడాలా వద్దా, ఏ నంబరు పెట్టాలి, ఎన్ని గంటల దాకా ఫోన్ ఎత్తాలి, ఇవన్నీ వాళ్ళు చెప్పినట్టే జరగాలి. మనం ఇక్కడ క్యాంపులో కూర్చొని నిర్ణయం చేస్తే కుదరదు.

ఆ వీడియో తీసేశాను. వేరే సిమ్ తీసుకున్నాం. ఆ నంబరు మీద వాట్సాప్ బిజినెస్ యాప్ వేశాం. ఈ యాప్ ఫ్రీ. మామూలు వాట్సాప్ ఒక నంబరుతో, ఇది ఇంకో నంబరుతో ఒకే ఫోన్‌లో నడుస్తయి. ఇందులో మనకు పనికొచ్చేవి నాలుగు ఉన్నాయి.

1. క్యాటలాగ్. సరుకు ఫోటో, ధర, బరువు ఒకసారి పెడితే చాలు. అడిగినోళ్ళకు లింక్ పంపొచ్చు.

2. అవే మెసేజ్. రాత్రి 8 దాటినంక ఎవరు మెసేజ్ పెట్టినా, "రేపు పొద్దున జవాబిస్తాం" అని దానంతట అదే పోతది. మా ఇంటామె నిద్ర బాగుపడ్డది దీనితోనే.

3. క్విక్ రిప్లై. కొరియర్ ఎన్ని రోజులు, డబ్బులు ఎట్ల పంపాలి, ఇట్లాంటి ప్రశ్నలకు జవాబు ఒకసారి రాసి పెట్టుకుంటే ప్రతిసారీ టైప్ చేసే పని ఉండదు.

4. లేబుల్. కొత్త ఆర్డర్, డబ్బులు వచ్చినయి, పార్సిల్ పోయింది అని రంగుల గుర్తులు పెట్టుకోవచ్చు. మన సైట్‌లో డ్రాయింగ్ మీద అయిన పనికి మార్కర్ గీసుకున్నట్టే.

ఇంకోటి. ఈ అకౌంట్‌ను ఇంకో ఫోన్‌కు లింక్ చేసుకోవచ్చు. లీవుకు పోయినప్పుడు ఆమె ఫోన్‌తో నా ఫోన్ లింక్ చేసుకున్నాను. ఇక్కడి టైం ఇండియా కంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి 8 అంటే మనకు సాయంత్రం 5:30, సైట్ నుంచి బస్సులో వచ్చే టైం. ఆమె వంట, పిల్లల పని చూసుకునే ఆ టైంలో వచ్చిన మెసేజ్‌లు నేను చూస్తాను. కానీ డ్యూటీలో మాత్రం ఫోన్ ముట్టొద్దు. స్కాఫోల్డింగ్ మీద నిలబడి ఆర్డర్ చూసుకున్నోడు ఆర్డర్‌తో పాటు కిందికొస్తడు. సూపర్‌వైజర్‌గా చెప్తున్నా.

ఇప్పుడు వీడియోల సంగతి. ఏం పెట్టాలి అని చాలామంది అడుగుతారు. దానికి మా జిల్లాలోనే జవాబు ఉంది. మల్యాల మండలం లంబాడిపల్లి గంగవ్వ మీ అందరికీ తెలుసు. శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన మై విలేజ్ షోలో చేసింది. పొలం పనులు చేసుకున్న ముసలామె, చదువు రాదు, డైలాగ్ చెప్తే విని చెప్పేది. 2020లో బిగ్‌బాస్ దాకా పోయింది. ఆంధ్రలో మస్తానమ్మ అంతే. పొలంలో రాళ్ళ పొయ్యి పెట్టి వండేది. 2018 డిసెంబరులో చనిపోయేనాటికి నూరేళ్ళు దాటినయని చెప్పేవారు. లక్షల మంది చూశారు. వీళ్ళ దగ్గర స్టూడియో లేదు, మేకప్ లేదు. వాళ్ళ ఊరు, వాళ్ళ మాట, వాళ్ళ పని చూపెట్టారు. దూరం పోయినోళ్ళకు కావలసింది అదే.

మనం అంత పేరు తెచ్చుకోవాలని కాదు. మనకు లక్ష మంది చూసేటోళ్ళు అవసరం లేదు, మళ్ళీ మళ్ళీ కొనే వంద ఇండ్లు చాలు. మా సకినాలు కొనేటోళ్ళు ఎవరు? హైదరాబాద్‌లో కాపురాలున్న మా ఊరి ఆడబిడ్డలు, భీవండిలో, సూరత్‌లో ఉన్న మనోళ్ళు. వాళ్ళకు చేసుకునే టైం లేదు, నాలుకకు రుచి గుర్తుంది. వాళ్ళను మనసులో పెట్టుకుని వీడియో తియ్యాలి.

మేము ఇప్పుడు చేతులు మాత్రమే తీస్తాం. తడి పిండిలో నువ్వులు, వాము కలిపేది, బట్ట మీద వేళ్ళతో గుండ్రంగా చుట్టేది, నూనెలో వేస్తే తెల్లగా పొంగేది. ముఖం లేకున్నా జనం చూస్తున్నారు. చెయ్యి చూస్తేనే పనితనం తెలుస్తది గదా.

వీడియోకు నేను పెట్టుకున్న లెక్కలు చెప్తా. తీసే ముందు ఫోన్ లెన్స్ మెత్తటి బట్టతో తుడవాలి. పగటి వెలుతురులో, తలుపు దగ్గర తియ్యాలి. ఫోన్ నిలువుగా పట్టుకోవాలి. "హాయ్ ఫ్రెండ్స్" అని మొదలుపెట్టకుండా, మొదటి మూడు సెకండ్లలోనే పని కనబడాలి. చాలామంది సౌండ్ లేకుండా చూస్తారు, కాబట్టి మీద రెండు ముక్కలు తెలుగులో రాయాలి. ఊరి పేరు, ధర, నంబరు చివర్లో ఉండాలి.

ధర దాచిపెట్టకండి. "ధర కోసం మెసేజ్ చెయ్యండి" అంటే సగం మంది అక్కడే పోతారు. ఇంకో మాట, రోజూ "కొనండి, కొనండి" అంటే స్టేటస్ మ్యూట్ చేస్తారు. ఐదు పోస్టులు పెడితే నాలుగు ఊరికే చూసి సంతోషపడేవి ఉండాలి, ఒకటి అమ్మేది ఉండాలి. కొత్త బియ్యం వచ్చినయని, ఇవాళ వాన పడ్డదని, నువ్వులు ఆరబోసినమని పెట్టినా చూస్తారు.

బ్రాడ్‌కాస్ట్ లిస్ట్‌లో 256 మందిని పెట్టుకోవచ్చు. కానీ మన నంబరు వాళ్ళ ఫోన్‌లో సేవ్ చేసుకున్నోళ్ళకే అది చేరుతది. అందుకే ప్రతి పార్సిల్‌లో ఒక చీటీ పెడతాం: "మా నంబరు సేవ్ చేసుకోండి, పండుగకు ముందు చెప్తాం" అని. అడగకుండా ఊర్లో గ్రూపులన్నిట్లో మెసేజ్‌లు పెట్టకండి. రిపోర్ట్ కొడితే నంబరే బ్లాక్ అయితది.

ఇప్పుడు అసలు పరీక్ష. కస్టమర్ తిట్టినప్పుడు ఏం చెయ్యాలి?

మొదటి సంక్రాంతికి హైదరాబాద్‌కు పంపిన సకినాలు పొడి పొడి అయి చేరినయి. ఆమె ఫోటో తీసి, "ఇది సకినమా, సకినాల పిండా?" అని మా పోస్ట్ కిందనే పెట్టింది. నాకు మస్తు కోపం వచ్చింది. కొరియర్‌వాడి తప్పు అని రాయబోయాను. మా ఇంటామె ఆపింది. "ఆమె పండుగకు పిల్లల ముందట డబ్బా విప్పింది. ఆమెకు కొరియర్ తెల్వదు, మనమే తెలుసు" అన్నది. అక్కడనే అందరికీ కనబడేటట్టు "తప్పు మాదే అక్కా, మళ్ళీ పంపుతున్నాం" అని రాశాం. ఈసారి గట్టి డబ్బాలో నిలువుగా పేర్చి, సందుల్లో కాగితం కుక్కి పంపాం. ఆమె ఆ రెండో డబ్బా ఫోటో కూడా పెట్టింది. ఆమె చుట్టాల నుంచి మాకు ఆరు ఆర్డర్లు వచ్చినయి.

దీనికి వ్యతిరేకంగా 2025 ఏప్రిల్‌లో ఏం జరిగిందో మీరు ఫోన్లలో చూసే ఉంటారు. పచ్చళ్ళ ధర ఎక్కువ ఉందన్న కస్టమర్‌ను ఒక వ్యాపారం నుంచి ఆడియోలో బూతులు తిట్టారు. ఆ ఆడియో రెండు రాష్ట్రాలు తిరిగింది. ఎన్నో రోజులు కష్టపడి తెచ్చుకున్న పేరు ఒక్క ఆడియోతో పోయింది. ధర ఎక్కువన్నోడు శత్రువు కాదు. "అన్నా, నువ్వుల ధర, నూనె ధర ఇట్ల ఉన్నయి, పావు కిలో తీసుకుని రుచి చూడండి" అంటే సరిపోతది. కోపంలో ఆడియో పంపకండి. కోపం గంటలో పోతది, ఆడియో పోదు.

మెచ్చుకున్నోళ్ళ మెసేజ్ స్టేటస్‌లో పెట్టొచ్చు. కానీ వాళ్ళను అడిగి, పేరు, నంబరు కనబడకుండా పెట్టాలి.

మోసాల గురించి రెండు మాటలు. "డబ్బులు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవడన్నా అంటే వాడు దొంగ. డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు, పోవడానికే పిన్. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పంపితే నమ్మకండి, అకౌంట్‌లో పడ్డదా అని చూసినంకనే పార్సిల్ కట్టాలి. మోసం జరిగితే ఇండియాలో 1930కి వెంటనే ఫోన్ చెయ్యమని ఇంట్లో చెప్పండి. డబ్బులిస్తే ఫాలోవర్లను ఇస్తామనేటోళ్ళ దగ్గరికి పోకండి. ఆ ఫాలోవర్లు సకినాలు తినరు.

చట్టం సంగతి. తినే సరుకు అమ్మాలంటే ఇండియాలో ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారానికి ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. 14 అంకెల నంబరు ఇస్తారు, అది డబ్బా మీద వెయ్యాలి. ఇక బహ్రెయిన్‌లో మాత్రం జాగ్రత్త. మన పర్మిట్ ఏ పనికి, ఏ యజమాని కింద ఉందో అదే చెయ్యాలి. సీఆర్ లేకుండా ఇక్కడ క్యాంపులో డబ్బాలు తెచ్చి అమ్మితే, ఇన్‌స్టాలో పెట్టి అమ్మినా సరే, అది లైసెన్స్ లేని వ్యాపారమే. కడుపు నింపే ఉద్యోగం పోగొట్టుకోకండి. వ్యాపారం ఊర్లో, ఇంటోళ్ళ పేరు మీద ఉండనీయండి. మనం ఇక్కడి నుంచి సహాయం మాత్రమే చెయ్యాలి. సైట్‌లో గానీ, రూమ్‌లో తోటివాళ్ళను అడగకుండా గానీ వీడియోలు తీసి పెట్టకండి.

చివరిగా, లెక్క రాయండి. మా ఇంటామె ఒక నోట్‌బుక్ పెట్టింది. కొత్తగా ఎవరు కొన్నా "మా సంగతి ఎట్ల తెలిసింది?" అని అడిగి రాస్తది. నేను ఫేస్‌బుక్ ప్రకటనకు పెట్టిన డబ్బులతో ఇద్దరు వచ్చారు. పాత కస్టమర్లు చెప్పి పంపినోళ్ళు ముప్పై మంది. అప్పటి నుంచి ప్రకటన బంద్ చేసి, ఆ డబ్బులతో పాత కస్టమర్ల డబ్బాలో నాలుగు సకినాలు ఎక్కువ వేస్తున్నాం.

ఇదేమీ రాత్రికి రాత్రి లక్షలు తెచ్చే పని కాదు. పండుగ సీజన్ తప్ప మిగతా నెలల్లో మాకు ఇప్పటికీ తక్కువే. కానీ పోయిన ఏడాది నాకు రెండు నెలల జీతం లేటైనప్పుడు, పిల్లల ఫీజు ఆమె కట్టింది. నాకు చెప్పలేదు కూడా. కట్టినంక రసీదు ఫోటో పంపింది. కింద ఏమీ రాయలేదు. నేను ఆ ఫోటో ఇప్పటికీ తీసెయ్యలేదు.

ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: "నీకు ఏం చెయ్యబుద్ధైతుంది?" అని. కుట్టు పని కావొచ్చు, మగ్గం వర్క్ కావొచ్చు, పచ్చళ్ళు, పసుపు కావొచ్చు. ఆమె చెప్పినంక మనం ఫోన్ పట్టుకుందాం. వాట్సాప్ బిజినెస్ వేసుకోవడం రానోళ్ళు వచ్చే మీటింగ్‌కు ఫోన్ ఛార్జింగ్ పెట్టుకుని రండి, దగ్గర కూర్చొని చూపిస్తాను.

ఉంటాను అన్నలారా. ఎండలు ముదురుతున్నయి, నీళ్ళు బాగా తాగండి.